పేరు వేసుకోని కథకుడు

ఈ నెల వ్యాసమును ఒక తప్పు ఒప్పుకోలుతో మొదలు పెట్టవలసి వచ్చినది. ఆ తప్పు మాదే.

కొన్ని సంవత్సరాల క్రిందట, ఎండాకాలం వి.బి.ఎస్. జరుగుతున్న రోజుల్లో, భూపాలపల్లి ప్రాంతంలోని మా సంఘానికి ఒక పన్నెండేళ్ళ బాలుడు వచ్చేవాడు. తండ్రి బొగ్గుబాయిలో పనిచేస్తాడు. పిల్లవాడు పాటల సమయంలో బాగానే పాడేవాడు గాని, పాఠం మొదలు కాగానే ఒడిలో ఏదో పెట్టుకొని తల వంచుకొనేవాడు. ఒకనాడు దగ్గరకు వెళ్ళి చూశాము. పాత చందమామల నుండి పేజీలు విడదీసి, వరుసగా పేర్చి, అట్ట వేసి కుట్టించిన బైండు పుస్తకం అది. పేరు 'శిథిలాలయం'. పేజీ పేజీకీ బొమ్మలు. అడవులు, కత్తులు, వికారమైన ముఖాలు, మంత్రగాళ్ళు. మేము మరి ఒక్క మాట అడగకుండా ఆ పుస్తకం తీసుకొని బీరువాలో పెట్టి తాళం వేశాము. "ఇటువంటివి దేవుని బిడ్డలు చదవరాదు" అని అందరి ఎదుట చెప్పాము కూడా.

మరునాడు ఆ బాలుడు రాలేదు. మూడవ నాడూ రాలేదు. నాలుగవ నాటి సాయంత్రం వాళ్ళ నాయనమ్మ కర్ర పట్టుకొని మా గుమ్మం ముందుకు వచ్చింది.

"అయ్యగారూ, మా పోరని పుస్తకం మీకాడ ఉన్నదట గద, జర ఇయ్యుండ్రి. రోజు రాత్రి వాడు సదువుతాంటే నేను వింట. కథ సగంల ఆగిపాయె" అన్నది.

"అందులో మంత్రగాళ్ళు ఉన్నారమ్మా" అన్నాము.

"ఉంటే ఏమాయె? ఆఖరికి ఆళ్ళు ఓడిపోవాలె గద. ఓడిపోయిండ్రో లేదో మీరన్న సదివి చెప్పుండ్రి" అన్నది.

మా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే మేము ఆ పుస్తకం చదవలేదు. చదవకుండానే తీర్పు తీర్చాము. "రేపు ఇస్తానమ్మా" అని పంపించి, ఆ రాత్రి బీరువా తాళం తీసి మొదటి పేజీ నుండి చదవటం మొదలుపెట్టాము. కోడి కూసే వేళకు గాని లేవలేదు.

ఎవరు వ్రాశారు?

చదవటం ముగించిన తరువాత మాకు కలిగిన మొదటి సందేహం ఇది. ఇంత పెద్ద కథలో ఎక్కడ వెదికినా రచయిత పేరు కనిపించలేదు. ప్రతి భాగం మొదట, జరిగిన కథ నాలుగు మాటల్లో ఉంటుంది. ఆ తరువాత కథ సాగుతుంది. సరిగ్గా ప్రమాదం ముంచుకు వచ్చే చోట ఆ నెల భాగం ఆగిపోతుంది. వ్రాసినవాడు మాత్రం ఎక్కడా ఎదుటికి రాడు.

తెలిసినవారిని అడిగి తెలుసుకున్నాము. ఆయన పేరు దాసరి సుబ్రహ్మణ్యం. 1932లో గుంటూరు జిల్లా తెనాలి ప్రాంతంలో జన్మించారు. 1952లో మద్రాసులోని చందమామ కార్యాలయంలో చేరారు. 2006 వరకు, అనగా యాభై ఏళ్ళకు పైగా, అక్కడే పనిచేశారు. 2010 జనవరిలో విజయవాడలో మరణించారు. 'తోకచుక్క' అనే ధారావాహికతో 1954లో మొదలుపెట్టి 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసి లోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'రాతిరథం', 'యక్షపర్వతం', 'మాయా సరోవరం', 'భల్లూక మాంత్రికుడు' అని మొత్తం పన్నెండు పెద్ద కథలు వ్రాశారు. 1970ల చివరి వరకు తెలుగు పిల్లలు నెల నెలా పోస్టుమాన్ కొరకు ఎదురు చూసినది ఈ కథల కొరకే. అయినా అవి వచ్చిన కాలంలో ఆయన పేరు చదువరులకు తెలియదు. ఎంతో కాలం గడచిన తరువాత, ఆ పిల్లలు పెద్దవారై తమకు ఇష్టమైన కథలు ఎవరివని వెదికినప్పుడు గాని ఆ పేరు నలుగురికీ తెలియలేదు. పుస్తకాలుగా అచ్చయినది ఆ తరువాతే.

ఒక మనిషి తన యౌవనమంతా పిల్లల కొరకు వ్రాసి, పేరు లేకుండా ఉండటం సామాన్యమైన సంగతి కాదు. ఆయన ఎట్లా వ్రాశారో, అటువంటి కథలు ఎక్కడ నుండి వస్తాయో తెలుసుకుంటే మన కుటుంబాలకు మేలు కలుగుతుందని మాకు తోచినది.

చందమామ ఇంటి క్రమము

చందమామ 1947 జూలైలో తెలుగు, తమిళ భాషల్లో మొదలైనది. స్థాపించినవారు బి. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు. సినిమాలు తీసిన విజయా సంస్థవారు వీరే. కాలక్రమంలో ఆ పత్రిక పన్నెండుకు పైగా భాషల్లో వచ్చినది. ఇప్పుడు అది ఆగిపోయి పదేళ్ళు దాటినది. అయినా పాత సంచికలు మన పల్లెల్లో ట్రంకుపెట్టెల అడుగున ఇంకా దొరుకుతూనే ఉన్నాయి.

1952 నుండి 1980లో మరణించే వరకు ఆ పత్రికను లోపల నుండి నడిపినవారు కొడవటిగంటి కుటుంబరావు గారు. ఆయన పెద్ద రచయిత, హేతువాది. మంత్రాలను నమ్మిన మనిషి కారు. అయినా పిల్లలకు అద్భుత కథలు అవసరమని ఎరిగినవారు. చక్రపాణి గారు, కుటుంబరావు గారు, సుబ్రహ్మణ్యం గారు ముగ్గురూ తెనాలి ప్రాంతం నుండి వచ్చినవారే.

ఆ కార్యాలయానికి ఒక క్రమం ఉండేది. వాక్యం చిన్నదిగా ఉండాలి. మాట ఇంట్లో మాట్లాడేదిగా ఉండాలి. చదువు రాని తల్లి విన్నా అర్థం కావాలి. బయటివారు పంపిన కథలను సహితం కుటుంబరావు గారు ఆ ఒరవడిలో తిరిగి వ్రాసేవారు. మన నాయనమ్మకు 'శిథిలాలయం' అర్థమైనది అందుచేతనే. మనం ప్రసంగాలు వ్రాసుకొనేటప్పుడు గుర్తుంచుకోవలసిన పాఠం ఇది. వేదాంత కళాశాలలో మేము నేర్చుకున్న పెద్ద మాటల కంటె ఆ పిల్లల పత్రిక మాట మా సంఘస్థులకు సులువుగా చేరుతుంది.

రెండవది, నెల గడువు. ధారావాహిక అంటే ఇల్లు కట్టి తాళం చెవి ఇచ్చినట్టు కథ అంతా వ్రాసి ఒక్కసారి ఇచ్చేది కాదు. ఏడాది, రెండేళ్ళు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, నెలకు ఒక భాగం చొప్పున ఇవ్వాలి. బొమ్మ వేసేవారు దాని కొరకు కూర్చొని ఉంటారు. మిగతా భాషలలోకి మార్చేవారు కూర్చొని ఉంటారు. ఈ నెల మనసు బాగాలేదు అనటానికి వీల్లేదు. సుబ్రహ్మణ్యం గారు ఈ కాడిని పాతికేళ్ళు మోశారు. ఆ కథలకు ఎక్కువగా బొమ్మలు గీసిన 'చిత్ర' గారిని ఆనాటి పిల్లలు ఈనాటికీ మరువలేదు. రచయిత చెప్పిన వింత మృగమును చూచి చిత్రకారుడు గీయాలి. ఆ బొమ్మ చూచి పిల్లవాడు నమ్మాలి. ఇది ఇద్దరి చేతుల పని.

మూడవది, దెబ్బ తిన్నా నిలబడటం. 'రాకాసి లోయ' తరువాత ఇక రాక్షసులు, మంత్రగాళ్ళు చాలునని చక్రపాణి గారు అనుకున్నారని, ఆ స్థానంలో బంకించంద్రుని 'దుర్గేశనందిని' వంటి కథలు వేశారని, చదివే పిల్లలు తగ్గటంతో మళ్ళీ సుబ్రహ్మణ్యం గారి చేతికే కలం ఇచ్చారని ఆ పత్రికలో పనిచేసినవారు చెప్పుకునేవారు. అప్పుడు వచ్చినదే 'పాతాళదుర్గం'. నీ పని చాలు అన్నప్పుడు అదే కార్యాలయంలో మిగతా పని చేసుకుంటూ కూర్చోవటం, మళ్ళీ వ్రాయి అన్నప్పుడు పగ పట్టకుండా వ్రాయటం, రెండూ కష్టమే. సంఘంలో పరిచర్య చేసేవారికి ఈ కష్టం బాగా తెలుసు.

ఊట ఎక్కడ ఉన్నది?

ఈ కథలు చదివినవారికి వాటి వేర్లు కనిపిస్తూనే ఉంటాయి. మన పల్లెల్లో రాత్రి మంచాల మీద చెప్పుకున్న కథలే అవి. మాయలపకీరు బాలనాగమ్మను ఎత్తుకుపోవటం, వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉండటం, పసివాడైన బాలవద్దిరాజు వెళ్ళి ఆ చిలుకను పట్టుకోవటం మనలో ఎవరు వినలేదు? బుర్రకథలో విన్నాము, ఒగ్గుకథల వారి నోట అటువంటివి ఎన్నో విన్నాము. భట్టి విక్రమార్కుల కథలు, కాశీమజిలీ కథలు సంతలో కొని చదువుకున్నవారు ఉన్నారు. తెలుగు అద్భుత కథ ఈ నేల నీళ్ళు త్రాగి పెరిగినది.

అయితే సుబ్రహ్మణ్యం గారు ఆ పాత నీటిని కొత్త కుండలో పోశారు. ఆయన కథల్లో తరచుగా ఇద్దరు స్నేహితులు ఉంటారు. 'పాతాళదుర్గం'లో ధూమకుడు, సోమకుడు. 'యక్షపర్వతం'లో ఖడ్గవర్మ, జీవదత్తుడు. ఒకరికి తోచనిది మరొకరికి తోస్తుంది. ఒకరు పడితే మరొకరు లేపుతారు. 'శిథిలాలయం'లో ఉన్నది శిఖిముఖి, విక్రమకేసరి. ఈ శిఖిముఖి రాజకుమారుడు కాడు. అడవిలో పుట్టిన శబర యువకుడు.

ప్రియ చదువరీ, ఈ సంగతి దగ్గర మేము చాలా సేపు ఆగిపోయాము. మన ప్రాంతంలో అడవి అంచున ఎన్ని కోయ గూడేలు ఉన్నవి, ఎన్ని తండాలు ఉన్నవి! ఆ పిల్లలు బడికి వెళితే పాఠాల్లో రాజులే కనిపిస్తారు. ఇక్కడ అడవి బిడ్డ, క్షత్రియ యువకుడు పక్కపక్కన నడుస్తారు. ఒకే ఆపదను ఇద్దరూ కలిసి ఎదిరిస్తారు. ఆ బాలుడు పాఠం మధ్యలో తల వంచుకొని ఎందుకు చదివాడో మాకు అప్పుడు తెలిసినది. వాడు మంత్రగాణ్ణి చూడటం లేదు. శిఖిముఖిని చూస్తున్నాడు.

దూరదేశపు మరొక కథకుడు

ఇదే కాలంలో సముద్రాల అవతల మరొకరు పిల్లల కొరకు అద్భుత కథలు వ్రాశారు. ఆయన పేరు సి.ఎస్. లూయిస్. ఆయన క్రైస్తవ విశ్వాసమును గురించి వ్రాసిన పుస్తకాలు మన పాస్టర్లలో చాలామంది ఎరుగుదురు. ఆయన వ్రాసిన నార్నియా కథలు ఏడు. 1950 నుండి 1956 వరకు ఏడాదికి ఒకటి చొప్పున వచ్చినవి. వీటిని గురించి ఇక్కడ చెప్పటానికి కారణం, తాను ఎట్లా వ్రాసేవాడో లూయిస్ స్వయంగా చెప్పి ఉన్నారు.

ఆయన 1898లో ఐర్లండు దేశపు బెల్‌ఫాస్టు పట్టణంలో పుట్టారు. చిన్నప్పుడు లిజీ ఎండికాట్ అనే దాది ఆయనకు తన దేశపు పల్లె కథలు చెప్పేది. ఆయనకు తండ్రి నుండి వచ్చిన ఒక లోపం ఉన్నది. బొటనవేలికి పై కీలు లేదు. అందుచేత చేతితో బొమ్మలు, ఆట సామాను చేయబోతే ఏదీ కుదిరేది కాదు. ఏడ్చి, విసిగి, చివరకు కథలు వ్రాయటం మొదలు పెట్టానని ఆయన తన జీవిత చరిత్రలో చెప్పుకున్నారు. అన్నతో కలిసి బట్టలు వేసుకొని తిరిగే జంతువుల దేశం ఒకటి కల్పించుకున్నారు. తొమ్మిదేళ్ళ వయసులో, 1908లో, తల్లి కాన్సరు వ్యాధితో మరణించినది. బాగు చేయమని ఆ పసివాడు దేవునికి ప్రార్థన చేశాడు. తల్లి బ్రతకలేదు. ఆ తరువాత ఎన్నో ఏళ్ళు ఆయన దేవుడు లేడని తిరిగారు. ముప్పై ఏళ్ళ వయసు దాటిన తరువాతనే క్రీస్తు నొద్దకు వచ్చారు.

నార్నియా మొదటి కథ ఎట్లా పుట్టినదో వినండి. ఆయనకు పదహారేళ్ళప్పుడు మనస్సులో ఒక బొమ్మ కనిపించినది. మంచు కురిసిన అడవిలో, నడుము పైన మనిషి, క్రింద మేక కాళ్ళు గల ఒక వింత జీవి గొడుగు పట్టుకొని, చంకలో పొట్లాలు పెట్టుకొని నడుస్తూ ఉన్నది. అంతే. కథ లేదు. ఆ బొమ్మను ఆయన ఇరవై ఏళ్ళకు పైగా మనస్సులో మోశారు. 1939లో యుద్ధం వచ్చినప్పుడు లండను నుండి తరలించిన పిల్లలకు ఆక్స్‌ఫర్డు దగ్గరున్న ఆయన ఇంట్లో చోటు ఇచ్చారు. ఆ రోజుల్లో ఒక చిన్న ముక్క వ్రాసి ప్రక్కన పెట్టారు. పుస్తకం పూర్తి అయినది మరి పదేళ్ళకు. మొదట ఆ కథలో సింహం లేదు. మధ్యలో సింహం వచ్చి కథ మొత్తమును తన వెంట లాగుకొని పోయినదని ఆయన అన్నారు.

ఆయన వ్రాసే తీరు కూడా చాలా సాదాగా ఉండేది. టైపు మిషను వాడలేదు. సిరాలో ముంచి వ్రాసే పాతకాలపు కలమే ఆయన పనిముట్టు. నాలుగు మాటలకు ఒకసారి ముంచవలసినదే. ఆ ఆగిన క్షణంలో తరువాతి మాటను నోటితో మెల్లగా పలికి చూసుకొనేవారు. వ్రాయాలనుకున్న ఒక బాలికకు 1959లో ఉత్తరం వ్రాస్తూ, రేడియో కట్టివేయమని, కన్నుతో గాక చెవితో వ్రాయమని, ప్రతి వాక్యమును పైకి చదువుకోమని బోధించారు. పిల్లలు వ్రాసిన ఉత్తరాలకు తన చేతితోనే జవాబులు వ్రాశారు. 1963లో మరణించే వరకు ఆ అలవాటు మానలేదు.

ఇద్దరిలో ఒక్కటే

ఒకరు మద్రాసులో, మరొకరు ఆక్స్‌ఫర్డులో. ఒకరి పేరు లోకమంతా తెలుసు, మరొకరి పేరు ఇంటివారికే తెలియదు. అయినా ఇద్దరి కథలనూ ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే మాకు ఒకే సంగతి కనిపించినది. ఊహ అనేది ఆకాశం నుండి ఊడిపడదు. దానికి ముందు ఎవరో ఒకరు కథ చెప్పి ఉండాలి. లిజీ ఎండికాట్ అనే దాది లేకపోతే నార్నియా లేదు. బాలనాగమ్మ కథ చెప్పిన పేరు తెలియని మన అవ్వలు లేకపోతే చందమామ లేదు. చెవిలో పడిన విత్తనం చాలా ఏళ్ళు మట్టిలో ఉండి, రోజూ కూర్చొని పనిచేసేవాని చేతిలో మొలకెత్తుతుంది.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి చూడండి. తండ్రి షిఫ్టు ముగించి వచ్చి పడుకుంటాడు. తల్లి మిరప చేనులో, పత్తి చేనులో నడుము విరిగేటట్టు పనిచేసి వస్తుంది. పిల్లవాని చేతిలో సెల్‌ఫోను ఉంటుంది. అవ్వ మూలన మంచం మీద ఉంటుంది, ఆమె కడుపులో నూరు కథలు ఉంటాయి, అడిగేవాడు లేడు. ఆమె వెళ్ళిపోయిన నాడు ఆ కథలు కూడా ఆమెతో మట్టిలోకి వెళతాయి. మాలాంటివారు బీరువాకు తాళం వేసి ఆ నష్టమును మరి కొంత పెంచుతున్నాము.

మంత్రగాడు ఉన్న కథ తగునా?

ఈ ప్రశ్న మీలో కొందరికి వస్తుందని మాకు తెలుసు. మాకూ వచ్చినది. మంత్రవిద్యను పరిశుద్ధ గ్రంథము ఖండిస్తున్నది, దానిలో సందేహం లేదు. అయితే కథలో మంత్రగాడు ఉండటం వేరు, మంత్రమును ఆశ్రయించటం వేరు. న్యాయాధిపతులు 9వ అధ్యాయం తెరచి చూడండి. యోతాము గెరిజీము కొండ మీద నిలబడి చెప్పిన కథలో చెట్లు మాట్లాడతాయి, తమకు రాజు కావాలని ఒక్కొక్క చెట్టు దగ్గరకు వెళ్ళి అడుగుతాయి. చెట్లు నడుస్తాయా అని అక్కడ ఎవరూ అడగలేదు. నాతాను ప్రవక్త దావీదు ముందుకు వెళ్ళి మొదట చెప్పినది ఒక గొఱ్ఱెపిల్ల కథ. కథ విన్న రాజు చివరకు తన తప్పు ఒప్పుకున్నాడు. మన ప్రభువు కూడా జనులకు ఉపమానములు లేకుండా బోధించలేదు.

మరొక సంగతి కూడా చెప్పాలి. మన తెలంగాణ పల్లెల్లో చేతబడి, బాణామతి అనే అనుమానంతో దిక్కులేని ముసలివారిని కొట్టిన సంగతులు, చంపిన సంగతులు మీరు విన్నారు. ఆ పాపం కథలు చదివినందువల్ల వచ్చినది కాదు. భయం వల్ల వచ్చినది. మంత్రగాడు కథలో ఉంటాడు, కథ ముగియగానే పుస్తకంలోనే ఉండిపోతాడు అని చిన్నప్పుడే తెలుసుకున్న పిల్లవాడు పెద్దవాడైన తరువాత పక్కింటి ముసలమ్మను మంత్రగత్తె అని వేలు చూపడు. హేతువాది అయిన కుటుంబరావు గారు తన పత్రికలో మాంత్రికులకు చోటు ఇచ్చినది, పిల్లలకు కథకు నిజానికి భేదం తెలుసునని ఎరిగి గనుకనే అని మేము అనుకుంటున్నాము.

అయినా తల్లిదండ్రులకు ఒక బాధ్యత ఉన్నది. ఏ పుస్తకమైనా మంచిదే అని మేము చెప్పటం లేదు. క్రూరత్వమును చూచి నవ్వుకొనే కథలు ఉన్నాయి, బలహీనుణ్ణి ఎగతాళి చేసే కథలు ఉన్నాయి. పాత కథల్లో కూడా కులమును బట్టి, రంగును బట్టి, ఆడవారిని బట్టి తక్కువ చేసే మాటలు కనిపిస్తాయి. అటువంటివి వచ్చినప్పుడు పుస్తకం లాగుకోవటం కంటె, పక్కన కూర్చొని "ఇది న్యాయమేనా బిడ్డా?" అని అడగటం మేలు. దానికి మొదట మనం చదవాలి. మేము తప్పినది అక్కడే.

మన నేల మీద ఊటలు

మన పిల్లలకు ఊహ కొరకు దూరం పోవలసిన పనిలేదు. గణపురంలో కాకతీయుల కాలపు కోటగుళ్ళు ఉన్నవి. విరిగిన స్తంభాల మధ్య నిలబడితే 'శిథిలాలయం' అనే మాటకు అర్థం ఎవరూ చెప్పనక్కరలేదు. రేగొండ దగ్గర పాండవుల గుట్టలో ఆదిమానవులు రాతి మీద రంగులతో గీసిన బొమ్మలు ఉన్నవి. వేల ఏళ్ళ క్రిందట ఒకడు అక్కడ కూర్చొని తాను చూసినదానిని రాతి మీద పెట్టాడు. అతడు కూడా పేరు వేసుకోలేదు. ఇక బొగ్గుబాయి సంగతి చెప్పాలా? మన అన్నదమ్ములు రోజూ దిగి తవ్వే ఆ నల్లరాయి ఒకప్పుడు పచ్చని అడవి. పాతిక కోట్ల సంవత్సరాలకు పైబడిన క్రిందట నీటిలో, బురదలో కూరుకుపోయిన చెట్లే బొగ్గు అయినవి. తండ్రి ఆ అడవి లోపల నడచి వస్తున్నాడని చెబితే ఏ పిల్లవాడు కళ్ళు పెద్దవి చేయడు?

కాబట్టి మేము మీ కుటుంబాలకు కొన్ని చిన్న పనులు చెబుతున్నాము. వారంలో ఒక రాత్రి కుటుంబ ప్రార్థన ముగిసిన తరువాత అవ్వ చేతగాని, తాత చేతగాని ఒక కథ చెప్పించండి. ఆ వేళకు ఫోన్లు ప్రక్కన పెట్టండి. చదువు వచ్చిన పిల్లవాని చేత చదువు రాని పెద్దవారికి ఒక పేజీ పైకి చదివించండి. రోజుకు పది వరుసలు నోటు పుస్తకంలో వ్రాయించండి. తప్పులు దిద్దే ముందు కథ ఏమిటో వినండి. సండేస్కూలు ఉపాధ్యాయులు పిల్లవాని పుస్తకం తీసుకొనే ముందు ఒక్క అధ్యాయమైనా చదవండి.

మా తప్పు దిద్దుకొన్న తీరు

మరునాడు ఉదయం మేము ఆ పుస్తకం తీసుకొని వాళ్ళ ఇంటికి వెళ్ళాము. బాలుడు మమ్మును చూచి తలుపు చాటుకు పోయాడు. వాళ్ళ నాయనమ్మ ముందే, "చదవకుండా నీ పుస్తకం లాగుకొని అందరి ముందు నిన్ను చిన్నబుచ్చాము, మమ్మును క్షమించు బిడ్డా" అని అడిగాము. వాడు ఏమీ మాట్లాడలేదు. పుస్తకం అందుకొని తాను ఎక్కడ ఆగాడో ఆ పేజీ కొరకు వెదకసాగాడు. ఆ తరువాతి ఆదివారం ఇద్దరూ గుడికి వచ్చారు.

కథ ముగింపు ఆ నాయనమ్మకు వాడే చదివి వినిపించాడు. చివరలో మంత్రగాడు ఏమైనాడో ఆమె మాకు చెప్పింది, మేము చదివినదే అయినా మొదటిసారి విన్నట్టు విన్నాము. గత సంవత్సరం ఆమె ప్రభువునందు నిద్రించినది. ఆ బాలుడు ఇప్పుడు కాలేజీలో చదువుతున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు సండేస్కూలు పిల్లలకు కథలు చెబుతున్నాడు. వాడి దగ్గర ఒక నోటు పుస్తకం ఉన్నది. బొగ్గుబాయి అడుగున పచ్చని అడవిలోకి దారి కనుగొన్న ఇద్దరు స్నేహితుల కథ అది. వాళ్ళకు దారి చూపే ఒక ముసలమ్మ చేతిలో కర్ర ఉన్నది. ఆమె ఎవరో మాకు తెలుసు.

"అట్ట మీద నీ పేరు వ్రాసుకోలేదేమి?" అని అడిగాము.

"ముందుగాల కథ కానియ్యుండ్రి అయ్యగారూ" అన్నాడు.

ప్రభువు మీ ఇండ్లలోని పెద్దల నోటిని, పిల్లల చెవిని దీవించును గాక.